మన కోసం రోజుకో పేజీ

(ఉగాది కుటుంబ సమ్మేళనంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈసారి ఏదైనా ఆరోగ్య విషయం మీద మాట్లాడమని మన కార్యదర్శి గారు నన్ను అడిగారు. నేను డాక్టర్ని కాను. ఇంటర్మీడియట్ పాసై, 1988లో సిగ్నల్స్‌లో చేరి, రేడియో ఆపరేటర్‌గా మొదలుపెట్టి సుబేదార్‌గా దిగినవాణ్ణి. బీపీ గురించి, షుగర్ గురించి చెప్పడానికి ఈసీహెచ్ఎస్ పాలీక్లినిక్‌లో డాక్టర్లున్నారు, వారు చెబుతూనే ఉన్నారు, మనం వినడం లేదు, అది వేరే సంగతి. నాకు తెలిసింది ఒకటే. డైరీ రాసుకోవడం. ఆ మాట చెబితే కార్యదర్శి గారు నవ్వి, "అది ఆరోగ్య విషయం ఎలా అవుతుంది సాబ్?" అన్నారు. మా ఇంట్లో ఎలా అయిందో చెబుతాను, ఓపిగ్గా వినండి.

నేను 2016 డిసెంబరు ఆఖరున 28 ఏళ్ల సర్వీసు పూర్తి చేసుకుని ఇంటికి వచ్చాను. దండలు, బడా ఖానా, జీపులో స్టేషన్ దాకా తీసుకువెళ్లడం, అన్నీ మీకూ జరిగినవే. మొదటి నెల చుట్టాలతో, భోజనాలతో బాగానే గడిచింది. రెండో నెల నుంచి నాకు ఇంట్లో అన్నీ తప్పులే కనబడటం మొదలెట్టాయి. గుమ్మం దగ్గర చెప్పులు వరసగా లేవు. ఆరున్నర టీ ఏడింటికి వస్తోంది. అబ్బాయి ఎనిమిదింటికి లేస్తున్నాడు. చిన్న విషయాలే. కానీ నా గొంతు మాత్రం పరేడ్ గ్రౌండ్ గొంతు. పక్క ఫ్లాటు వాళ్లు టీవీ సౌండు తగ్గించి వినేవారని తరువాత తెలిసింది.

మా ఇంటావిడకి ఏ ఊళ్లో కాపురమున్నా వంటింట్లో వెంకట్రామా క్యాలెండరు ఉండాలి. పాల లెక్క, గ్యాస్ బండ మార్చిన తారీఖు, అబ్బాయి ఫీజు కట్టాల్సిన రోజు, అన్నీ దానిమీదే. 2017 జూలైలో ఒకరోజు గ్యాస్ ఎప్పుడు వేశామో చూద్దామని ఆ క్యాలెండరు దగ్గరికి వెళ్లాను. కొన్ని తారీఖుల మూలల్లో ఎర్ర చుక్కలు కనబడ్డాయి. లెక్కపెడితే ఆ నెలలో పదకొండు. ఏకాదశులా, ఉపవాసాలా అనుకుంటే తిథులు కలవడం లేదు.

"ఏంటే ఇవి?" అని అడిగాను.

"మీరు అరిచిన రోజులండీ" అంది.

కోపంగా అనలేదు. పాలవాడు రాని రోజులు చెప్పినట్టు చెప్పింది. ఎందుకు పెట్టావంటే, "ఏ రోజున అరుస్తారో ముందే పోల్చుకోగలిగితే ఆ రోజు పిల్లల్ని జాగ్రత్తగా ఉండమనొచ్చని చూశానండీ. కానీ ఏ లెక్కకీ అందట్లేదు" అంది.

సోదరులారా, నేను షెల్లింగ్ చూశాను, మైనస్ ముప్పైలో సెట్ పట్టుకుని కూర్చున్నాను. ఆ మాట విన్నప్పుడు కూర్చున్నట్టు ఎప్పుడూ కూర్చోలేదు. వంటింటి గడప మీదే కూలబడ్డాను.

ఆ రాత్రి నాకు ఒకటే ఆలోచన. నా మీద ఇంకొకరు లాగ్ రాస్తున్నారు. సర్వీసంతా లాగ్ రాసిన నాకే నా లాగ్ లేదు.

సిగ్నల్స్ వాళ్లకి చెప్పక్కర్లేదు, మిగిలిన వారికి చెబుతాను. రేడియో నెట్ మీద కూర్చున్న ఆపరేటరు ముందు ఒక లాగ్ షీట్ ఉంటుంది. టైము, ఎవరు పిలిచారు, ఎవర్ని పిలిచారు, ఏం చెప్పారు, అన్నీ అప్పటికప్పుడు రాయాలి. ఏమీ జరక్కపోతే ఏమీ జరగలేదనే రాయాలి. తప్పు రాస్తే రబ్బరుతో చెరపకూడదు, ఒక గీత కొట్టి పక్కన ఇనీషియల్ వేయాలి. డ్యూటీ మారేటప్పుడు వచ్చినవాడు ఆ షీట్ చదువుకుని కూర్చుంటాడు. గత ఆరు గంటల్లో ఏం జరిగిందో వాడికి నోటితో చెప్పే పని లేదు. మరి నేను ప్రతి ఉదయం నిద్ర లేచి నా డ్యూటీ నేనే తీసుకుంటున్నాను కదా, రాత్రి దిగిపోయినవాడు ఏం చేసిపోయాడో చెప్పే కాగితం ఏది?

మర్నాడు బజారుకెళ్లి వంద పేజీల లాంగ్ నోట్‌బుక్ ఒకటి కొన్నాను. 2017 ఆగస్టు 1 నుంచి మొదలుపెట్టాను.

మొదటి కష్టం ఏమిటో తెలుసా? తెలుగు. నమ్మండి నమ్మకపొండి, ఒత్తులు రాలేదు. యూనిట్లో హిందీ, కాగితాల మీద ఇంగ్లీషు, తెలుగు రాసేది ఇంటికి ఉత్తరాల్లోనే. మొబైల్ ఫోన్లు వచ్చాక ఆ ఉత్తరాలూ పోయాయి. పదమూడేళ్ల తరువాత తెలుగులో ఒక వాక్యం రాద్దామని కూర్చుంటే 'జ్ఞాపకం' దగ్గరే ఆగిపోయాను. మా అమ్మాయిని అడిగి రాసుకున్నాను. పరాయి రాష్ట్రాల్లో ఉంటున్న మనందరికీ ఇది ఉన్నదే. మన పిల్లలకి తెలుగు రావడం లేదని ప్రతి ఉగాదికీ బాధపడతాం, మన చేతికి ఎంత వస్తోందో ఓసారి కాగితం పెట్టి చూసుకుంటే మంచిది.

రెండో కష్టం ఇంకా పెద్దది. మొదటి పదిహేను రోజుల డైరీ చూస్తే మీకు నవ్వొస్తుంది. "0530 లేచాను. 0600 నడక. 0715 టీ. 0900 బ్యాంకు. లైఫ్ సర్టిఫికెట్ గురించి అడిగాను. 1300 భోజనం. 2130 పడక." ఇది డైరీయా, డ్యూటీ రోస్టరా? అరిచిన రోజు కూడా అందులో అరిచినట్టు లేదు. చుక్క క్యాలెండరు మీద పడుతోంది, నా పుస్తకంలో మాత్రం "1900 అబ్బాయితో మాట్లాడాను" అని ఉంది!

అప్పుడు మా అమ్మాయి డిగ్రీలో సైకాలజీ చదువుతోంది. నా పుస్తకం చూసి, "నాన్నా, నువ్వు జరిగింది రాస్తున్నావు, నీకేమనిపించిందో రాయట్లేదు" అంది. దాని పాఠంలోంచి ఒక సంగతి చెప్పింది. అమెరికాలో జేమ్స్ పెన్నెబేకర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, శాండ్రా బీల్ అనే ఆవిడతో కలిసి, కాలేజీ విద్యార్థుల మీద ఒక ప్రయోగం చేసి 1986లో ప్రచురించారట. విద్యార్థుల్ని గుంపులుగా చేసి, వరసగా నాలుగు రోజులు, రోజుకి పదిహేను నిమిషాలు రాయించారు. కొందరు మామూలు విషయాలు రాశారు. కొందరు తమ జీవితంలో బాధపెట్టిన సంఘటనను ఉత్త వివరాలుగా రాశారు. కొందరు ఆ సంఘటనతో పాటు అప్పుడు తమ మనసులో ఏం జరిగిందో కూడా రాశారు. తరువాత ఆరు నెలల్లో హెల్త్ సెంటర్‌కి తక్కువసార్లు వెళ్లింది ఈ చివరి గుంపువారట. వివరాలు మాత్రమే రాసినవాళ్లకి పెద్ద తేడా రాలేదట. అంటే నా డ్యూటీ రోస్టరు డైరీ లాంటిదన్నమాట.

అయితే ఇందులో దాచకుండా చెప్పాల్సినవి రెండున్నాయి. ఒకటి, మనసు విప్పి రాసినవాళ్లకి రాసిన వెంటనే దిగులు తగ్గలేదు, పెరిగింది. రెండు, తరువాత ఇలాంటి పరిశోధనలు వందకు పైగా జరిగాయి, మొత్తం మీద లాభం ఉందని తేలినా అది సగటున చిన్న లాభమే, అందరికీ ఒకేలా పని చేయదు. నేను మందు అమ్మడానికి రాలేదు కాబట్టి ఉన్నది ఉన్నట్టు చెబుతున్నాను.

ఇక ఉత్తరాల సంగతి. మా ఇంటావిడ నా ఉత్తరాలన్నీ ట్రంకు పెట్టెలో దాచింది. ఫోర్సెస్ లెటర్లు, ఇన్‌లాండ్లు, 56 ఏపీఓ ముద్రలవి, 99 ఏపీఓ ముద్రలవి, కట్టలు కట్టి. ఒక ఆదివారం అవి తీసి చదివాను. 1999 జూన్‌లో రాసిన ఉత్తరం ఒకటుంది. "ఇక్కడ నేను క్షేమం. అక్కడ మీరంతా క్షేమమని తలుస్తాను. ఇక్కడ వాతావరణం బాగుంది. టీవీలో చూసి బెంగ పెట్టుకోవద్దు. పాపకి జలుబు తగ్గిందా?" అంతే. ఆపరేషన్ విజయ్ నడుస్తోంది. ఉత్తరం మీద ఉన్న తారీఖు చూడగానే ఆ రోజు నాకు కళ్లకి కట్టింది. షెల్లింగులో టెలిఫోన్ లైను తెగితే లైన్ పార్టీ వెళ్లి కలిపి రావాలి. ఆ రోజు మూడుసార్లు తెగింది. మూడోసారి వెళ్లిన ఇద్దరూ చీకటి పడ్డాక వచ్చారు, ఒకరిని ఇంకొకరు మోసుకుంటూ. వాళ్ల కోసం ఎదురుచూస్తూ ఆ మధ్య ఖాళీలో రాసిన ఉత్తరం అది.

తప్పు రాశానని అనను. ఎక్కడున్నామో, ఏం చేస్తున్నామో రాయకూడదు. రాయగలిగినా ఇరవై రెండేళ్ల భార్యకి, రెండేళ్ల పాపకి ఏం రాస్తాం? కానీ చూడండి, లాగ్ షీట్‌లో మెసేజ్ ఉంది, మనిషి లేడు. ఉత్తరంలో క్షేమం ఉంది, నిజం లేదు. ఆ రోజు నాకెంత భయమేసిందో చెప్పే కాగితం ప్రపంచంలో ఎక్కడా లేదు. ఆ భయం పోయిందా అంటే పోలేదు, పద్దెనిమిదేళ్ల తరువాత చెప్పుల వరస మీద పడింది.

ఆ రాత్రి మొదటిసారి నిజంగా రాశాను. నాలుగు పేజీలు. అమ్మాయి చెప్పినట్టే మర్నాడంతా ఒళ్లు బరువుగా, ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాలేదు. రెండో రోజు కాస్త నయం. వారం తరువాత ఇంకో సంగతి బయటికొచ్చింది, అది చెప్పాలా వద్దా అని ఇవాళ పొద్దుటిదాకా ఆలోచించాను.

2002లో, ఆపరేషన్ పరాక్రమ్ టైములో, మేము రాజస్థాన్ వైపు ఇసుకలో ఉన్నాం. నేను హవల్దార్‌ని, డిటాచ్‌మెంట్ నా చేతిలో. మన తెలుగు కుర్రాడే ఒకడు, శ్రీకాకుళం వైపు వాడు, పేరు చెప్పను. అందరి ముందు నన్ను సాబ్ అనేవాడు, మనిద్దరమే ఉంటే అన్నా అనేవాడు. ఒక సాయంత్రం ఉత్తరం పట్టుకుని వచ్చి, "అన్నా, మా నాన్నకి బాగోలేదంట, ఛుట్టీ అడిగిపెట్టవా" అన్నాడు. అప్పుడు సెలవులు దాదాపు ఆగిపోయి ఉన్నాయి. పైగా ఆ రోజు నాకు పైనుంచి తిట్లు పడ్డాయి, జనరేటరు పాడైంది. ఉత్తరం చేతిలోకి కూడా తీసుకోకుండా, "అందరి నాన్నలకీ బాగుండదు, రేపు చూద్దాం పో" అన్నాను. రేపు అడగలేదు. ఎల్లుండీ అడగలేదు. నాలుగో రోజు టెలిగ్రాం వచ్చింది. మనిషిని వెంటనే పంపించారు, కానీ రాజస్థాన్ నుంచి శ్రీకాకుళం ఎంత దూరమో మీకు తెలుసు. తిరిగి వచ్చాక వాడు నన్నెప్పుడూ అన్నా అనలేదు. సాబ్ అనే అనేవాడు.

పదిహేనేళ్లు ఈ సంగతి నేను మర్చిపోయానని అనుకున్నాను. రాస్తుంటే వాడి చేతిలో ఇన్‌లాండ్ మడత కూడా కనబడింది. "నేను అడిగి ఉంటే సెలవు వచ్చేదో లేదో తెలియదు. కానీ అడగలేదు" అని రాశాను. చెరిపేద్దామనిపించింది. లాగ్‌లో చెరపకూడదు కదా, అలాగే ఉంచాను.

తరువాత వాళ్లనీ వీళ్లనీ పట్టుకుని వాడి నంబరు సంపాదించాను. 2018 సంక్రాంతికి ఫోన్ చేశాను. బాగానే మాట్లాడాడు. సర్వీసు అయిపోయి ఊళ్లోనే ఉన్నాడు, పొలం చూసుకుంటున్నాడు, పెద్దమ్మాయి టెన్త్ అని చెప్పాడు. పదినిమిషాలు మాట్లాడుకున్నాం. ఆ సాయంత్రం సంగతి నేను ఎత్తలేకపోయాను, వాడూ ఎత్తలేదు. ఫోన్ పెట్టేముందు "ఉంటాను సాబ్" అన్నాడు. అదే రాసుకున్నాను ఆ రాత్రి. ఇప్పుడు ప్రతి సంక్రాంతికీ మాట్లాడుకుంటాం. ఆ మాట ఇంకా మా మధ్య రాలేదు.

అయితే ఒకటి జరిగింది. మా అబ్బాయి ఏదైనా చెప్పడానికి వస్తే చేతిలో పని ఆపి వింటున్నాను. అన్నిసార్లూ కాదు. చాలాసార్లు.

ఇంత బరువు సంగతులే రాయాలని భయపడకండి. మనవాళ్లలో డైరీ రాసిన పెద్దమనిషి ఒకాయన ఉన్నారు, ఏనుగుల వీరాస్వామయ్య గారు. మద్రాసు సుప్రీం కోర్టులో ఇంటర్‌ప్రెటరు. 1830 మే 18న బయలుదేరి పెద్ద పరివారంతో కాశీ వెళ్లి 1831 సెప్టెంబరు 3న తిరిగి వచ్చారు. పదిహేను నెలల పైచిలుకు ప్రయాణంలో ఏ ఊళ్లో దిగారు, దారి ఎలా ఉంది, నీళ్లు దొరికాయా, అంగళ్లలో ఏముంది, అన్నీ రాసుకున్నారు. ఆయన పోయాక మిత్రులు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్లె గారు 1838లో అది పుస్తకంగా అచ్చు వేయించారు. అదే కాశీయాత్ర చరిత్ర. రూట్ మార్చ్ చేసినవాడెవడైనా ఆ పుస్తకం చదివితే ఈయన మనవాడే అనుకుంటాడు. దారి, నీళ్లు, మకాం! అలా మొదలుపెట్టినా చాలు. నేనూ ఎక్కువ రోజులు అలాంటివే రాస్తాను. మొన్న మా బాల్కనీలో మల్లె మొగ్గ తొడిగిందని రాశాను. వంకాయలు కిలో ఎంతో కూడా రాస్తాను.

ఎలా మొదలెట్టాలని కొందరు అడుగుతారు. ఖరీదైన తోలు అట్ట డైరీలు కొనకండి. వాటిలో తప్పు రాయడానికి చెయ్యి రాదు, బీరువాలో ఉండిపోతాయి. మామూలు నోట్‌బుక్ చాలు. తారీఖులు అచ్చువేసిన డైరీ కూడా నాకు నచ్చదు, నాలుగు రోజులు మానేస్తే ఆ ఖాళీ పేజీలు సంజాయిషీ అడిగినట్టుంటాయి. మానేసిన రోజుల్ని వదిలేసి ఇవాళ్టి తారీఖు వేసుకోండి, ఇక్కడ ఎవరూ చార్జిషీటు ఇవ్వరు. టైము మాత్రం ఒకటే పెట్టుకోండి. నాకు రాత్రి భోజనం అయ్యాక, మందులు వేసుకునే ముందు. బీపీ మాత్ర స్ట్రిప్ ఆ నోట్‌బుక్ మీదే పెడతాను, ఒకటి తీస్తే ఇంకోటి చేతికి తగులుతుంది. పదినిమిషాలు. ఏమీ తోచకపోతే నేను వేసుకునే ప్రశ్న ఒకటుంది. ఇవాళ ఎవరితో మాట్లాడిన మాట వెనక్కి తీసుకోవాలనిపించింది? దానికి జవాబు దొరకని రోజు నాకు తక్కువ.

పెగ్గు వేసుకున్నాక రాయకండి. నేను ప్రయత్నించాను. అంతా ఇతరుల తప్పులే కనబడ్డాయి.

సర్వీసులో ఉన్న తమ్ముళ్లకి ముఖ్యంగా ఒక మాట. యూనిట్ పేరు, ఉన్న జాగా, మూవ్‌మెంటు, సామాను, మనుషుల లెక్క, ఏదీ సొంత పుస్తకంలో రాయకూడదు. మనకి అవసరం కూడా లేదు. "ఇవాళ చాలా చలిగా ఉంది, ఇల్లు గుర్తొచ్చింది, పక్కవాడి మీద ఊరికే విసుక్కున్నాను" అని రాయడానికి గ్రిడ్ రెఫరెన్సు ఎందుకు? ఫోన్‌లో డైరీ యాప్‌లు ఉన్నాయని పిల్లలు చెబుతారు. 2020లో ఆర్మీ 89 యాప్‌లు ఫోన్లలోంచి తీసేయమన్న సంగతి గుర్తుందిగా? కాగితమే క్షేమం. కాగితాన్ని అవసరమైతే చించి పొయ్యిలో వేయవచ్చు. నేను కొన్ని పేజీలు అలా వేశాను కూడా, చెరపకూడదన్న నియమానికి అదొక్కటే మినహాయింపు పెట్టుకున్నాను.

"ఎవరైనా చదివేస్తే?" అని మా బావమరిది అడిగాడు. ఇంట్లో ముందే చెప్పాలి. నేను మా వాళ్లతో, ఇది నా కిట్ బ్యాగు, ఇన్‌స్పెక్షన్ లేదు అన్నాను. వాళ్లు ముట్టుకోరు. మా ఇంటావిడ ఒక్కసారి అడిగింది, "నా గురించి ఏమైనా రాశారా?" అని. చుక్కల సంగతి రాశానన్నాను. "అది బానే ఉంది" అంది.

ఇక్కడ వీరనారులున్నారు, భర్తలు ఫీల్డులో ఉన్న చెల్లెళ్లున్నారు. మీకు రాయడం నేర్పేంత వాణ్ణి కాను. మా ఇంటావిడ క్యాలెండరు చూశాక నాకు తెలిసింది, ఇన్నేళ్లూ ఇంట్లో లాగ్ రాస్తున్నది మీరేనని. పాల లెక్కల పక్కన మీ సంగతి కూడా ఒక ముక్క రాసుకోండి అంటున్నాను, అంతే.

ఇంకొక్క మాట గట్టిగా చెప్పాలి. రాసుకోవడం డాక్టరుకి బదులు కాదు. రాస్తుంటే మనసు మరీ చెదిరిపోతే, చేతులు వణికితే, రాయడం ఆపేయండి, వేరే విషయం రాయండి లేదా మూసేయండి. రాత్రుళ్లు నిద్ర లేకుండా వారాలు గడుస్తున్నా, పీడకలలు వదలకపోయినా, బతకడం ఎందుకనే ఆలోచన వచ్చినా, దాన్ని పుస్తకంలో రాసి ఊరుకోవద్దు. మనిషికి చెప్పండి. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం టెలి మానస్ అని మొదలుపెట్టింది, 14416కి ఫోన్ చేస్తే మాట్లాడతారు, తెలుగులో కూడా. 2023 డిసెంబరులో పుణె ఏఎఫ్ఎంసీలో మన సైన్యం వాళ్ల కోసం ప్రత్యేకంగా ఒక విభాగం పెట్టారు. ఆ నంబరు నేను నా నోట్‌బుక్ అట్ట లోపల రాసుకున్నాను. సిగ్గుపడేది ఏమీ లేదు. సెట్ పాడైతే వర్క్‌షాపుకి పంపేవాళ్లం, బూటుతో తన్నేవాళ్లం కాదు. సరే, అప్పుడప్పుడు తన్నేవాళ్లం, కానీ దాంతో బాగయ్యేది కాదు.

చుక్కలు ఇప్పుడెన్నని మీరు అడగబోతున్నారు, నాకు తెలుసు. మొదటి ఏడాది అంతగా తగ్గలేదు. పదకొండు కాస్తా తొమ్మిదయింది, ఒక నెల పన్నెండు కూడా అయింది. ఆ తరువాత నాలుగు, మూడు. 2020 లాక్‌డౌన్‌లో మళ్లీ పెరిగాయి. ఈ ఏడాది మార్చిలో రెండు. ఒకటి న్యాయం కాదని నేను వాదించాను, అది అరవడం కాదు, అబ్బాయి హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నాడు కాబట్టి గట్టిగా పిలవాల్సి వచ్చిందని. ఆవిడ ఒప్పుకోలేదు. చుక్క అలాగే ఉంది.

నాకిచ్చిన టైము అయిపోయిందని అధ్యక్షుల వారు గడియారం చూస్తున్నారు. సంఘం తరఫున వంద నోట్‌బుక్కులు తెప్పించాం, బయట భోజనాల దగ్గర బల్ల మీద ఉన్నాయి. ఇంటికొకటి కాదు, మనిషికొకటి తీసుకోండి, మొగుడూ పెళ్లాలు ఒకే పుస్తకంలో రాసుకుంటే గొడవలొస్తాయి. పెన్నులు మాత్రం మీరే కొనుక్కోవాలి, బడ్జెట్ చాల్లేదు.

జైహింద్.